అసలైన తిండి — ఒక ఆత్మవిమర్శ

మా నల్లగొండలో కూడ ఇప్పుడు మందీ హోటళ్ళు వెలిసినవి. పెద్ద పళ్ళెంలో అన్నం, అన్నం మీద మాంసం. నలుగురైదుగురు కింద కూర్చుండి ఒకే పళ్ళెంలో తింటారు. మా కళాశాల విద్యార్థులకు ఇది ఇష్టమైన తిండి. "మంది కలిసి తింటరు గనుక మందీ అన్నరు సార్" అని వారిలో ఒకడు నాకు వ్యుత్పత్తి చెప్పినాడు. ఆ మాట అరబ్బీది, మంచు అనే అర్థమున్న పదం నుంచి వచ్చిందంటారు అని సవరించబోయి మానుకున్నాను. కులానికొక బంతి వేసి వడ్డించిన దేశం మనది. అటువంటి చోట నలుగురు పిల్లలు ఒక పళ్ళెంలో చేయి పెట్టడానికి పరాయి వంటకం ఒకటి తోడ్పడిందంటే, వ్యుత్పత్తి తప్పయినా భావం తప్పు కాదు.

అయితే ఆ విద్యార్థే మరొక ప్రశ్న వేసినాడు. "ఇది అసలుదేనా సార్? అసలైన అరబ్బుల తిండి ఎక్కడ దొరుకుతది?"

ఉపాధ్యాయునికి తెలియదనడం కష్టం. "హైదరాబాదులో బార్కస్‌కు పోదాం, అక్కడ అరబ్బులే ఉన్నారు" అన్నాను. గత చలికాలంలో ఒక ఆదివారం, ఆరుగురు విద్యార్థులూ నేనూ బండి మాట్లాడుకొని తెల్లవారకముందే బయలుదేరినాము. ఆనాడు జరిగినదాన్నీ, అటుతర్వాత నాలో మొదలైన తర్కాన్నీ పాఠకుల ముందు ఉంచదలచాను. ఇది తిండిని గురించిన వ్యాసమే గాని రుచిని గురించినది కాదు.

చిట్యాల, చౌటుప్పల్ దాటి నగరం పొలిమేర చేరేసరికి తెల్లగా తెల్లవారింది. చాంద్రాయణగుట్ట దారి పట్టిన తర్వాత ఒక కూడలిలో చాయ్ కోసం బండి ఆపించినాను. ఆపిందే తడవుగా ముప్పైమంది మమ్మల్ని చుట్టుముట్టినారు. అది కూలీల అడ్డా. ఆగిన ప్రతి బండీ పనికి పిలవవచ్చినదే అన్న ఆశతో అక్కడ మనుషులు నిలబడి ఉంటారు. "ఎంతమంది కావాలె సారూ? మట్టిపనా, స్లాబు పనా?" అని నాలుగు దిక్కుల నుంచి అడిగినారు. ఒకామె చంకలో పిల్ల, చేతిలో గుడ్డకట్టిన సద్దిమూట. ఆమె నోరు తెరవగానే నాకు ఊరు తెలిసిపోయింది. అది అచ్చంపేట దిక్కు మాట. మా అమ్మ మాట.

మా విద్యార్థి ఒకడు ఆమెను మీది ఏ దిక్కు అని అడిగినాడు. ఆమె అచ్చంపేట దిక్కు అన్నది. వాడు సంతోషంగా నా వైపు తిరిగి, "సార్, మీ దిక్కోళ్ళే గదా!" అన్నాడు. ఆమె నా ముఖంలోకి చూసింది. "ఏ ఊరు సారూ?" అని అడిగింది.

నేను ఊరి పేరు చెప్పలేదు. "ఆలస్యమైతే హరీస్ అయిపోతది, ఎక్కండి" అని పిల్లలను తొందరపెట్టినాను. చాయ్ తాగకుండానే కదిలినాము.

బార్కస్‌లో పొద్దున్నే హరీస్ దొరికింది. గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడికించి, ఏది గోధుమో ఏది మాంసమో తెలియకుండా మెదిపిన తిండి. ఉప్పుది ఒకటి, తీపిది ఒకటి. హైదరాబాదు హలీం దీని సంతతే. ఈ నేల మసాలాలు చేరి అది వేరొక వంటకమయింది, 2010లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. లుంగీలు కట్టుకున్న పెద్దలు బల్లల మీద కూర్చుండి తింటున్నారు. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. నేను చరిత్ర చెప్పినాను.

బార్కస్ అన్న పేరు బ్యారక్స్ అన్న మాట నుంచి వచ్చింది. నిజాం ప్రభువుల కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వసతి అది. జమాదార్లుగా ఎదిగిన కొందరు అపారంగా సంపాదించినారు. అల్ ఖుఐతీ అనే కుటుంబం హైదరాబాదు ధనంతో హద్రమౌత్‌లో ఒక రాజ్యాన్నే స్థాపించింది, అది 1967 దాకా నిలిచింది. అప్పులిచ్చి బలప్రయోగంతో వసూలు చేసిన అరబ్బు జమాదార్ల సంగతీ, వారిని అదుపులోకి తేవడానికి మొదటి సాలార్‌జంగ్ పడిన పాట్లూ చరిత్రలో ఉన్నవే. కాని జమాదారు వేరు, సామాన్య సిపాయి వేరు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిపోయిన తర్వాత ఆ సైన్యం లేకుండా పోయింది. కొందరిని స్వదేశానికి పంపినారు. మిగిలినవారు చిన్న వ్యాపారాలలో, జామతోటల్లో, తర్వాతి దశాబ్దాలలో గల్ఫు కొలువుల్లో బతుకు వెతుక్కున్నారు. మందీ హోటళ్ళు బార్కస్‌లో వరుసగా వెలసినది ఇటీవలి కాలంలోనే. అంటే మా పిల్లలు "అసలు" అని వెదుక్కుంటూ వచ్చిన ఈ హోటలు తిండి ఇక్కడ కొత్తది. పాతది, సిపాయిలతో వచ్చినది హరీస్.

ఇరానీ హోటళ్ళ కథా ఇటువంటిదే. యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బతుకుదెరువుకు బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవారు హైదరాబాదు కూడళ్ళలో చాయ్ దుకాణాలు పెట్టినారు. నగరానికి ఆ దుకాణాలు వట్టి చాయ్ ఇచ్చి ఊరుకోలేదు. ఆబిడ్స్‌లోని ఓరియెంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, కార్మికోద్యమ కార్యకర్తలు గంటలకొద్దీ కూర్చునేవారు. ఒక కప్పు చాయ్ ధరకు ఒక పూటంతా చర్చించుకోవడానికి చోటు దొరకడం అభ్యుదయ సాహిత్యానికి చిన్న సహాయం కాదు. ఆ హోటలు ఇప్పుడు లేదు.

ఈ విషయాలన్నీ విద్యార్థులకు చెబుతున్నప్పుడు నాకు గొంతు తడబడలేదు. యెమెన్ నుంచి వచ్చిన సిపాయిని గురించీ, యజ్ద్ నుంచి వచ్చిన వర్తకుని గురించీ సానుభూతితో, చారిత్రక దృష్టితో మాట్లాడగలిగినాను. నూట యాభై కిలోమీటర్ల లోపలి నుంచి వచ్చి, గంట కింద నన్ను ఊరు పేరు అడిగిన మనిషికి మాత్రం జవాబు చెప్పలేకపోయినాను.

మధ్యాహ్నం పిల్లలు "మన తిండి" తిందామన్నారు. తెలంగాణ భోజనం అని బోర్డు పెట్టిన ఒక పెద్ద హోటలుకు పోయినాము. సిమెంటు గోడకు ఎర్రమట్టి రంగు పూసి ముగ్గులు వేసినారు. గోడ మీద బండిచక్రం, దాని పక్కన మట్టి మోసే తట్ట ఒకటి వేలాడుతున్నది. జొన్న రొట్టె, నాటుకోడి కూర, తలకాయ కూర, బోటి, పచ్చిపులుసు, పుంటికూర పప్పు, మా నల్లగొండ పేరుతోనే తపాల చెక్క. వంట బాగున్నది. అబద్ధమెందుకు, నేను రెండోసారి రొట్టె అడిగి తిన్నాను. బిల్లు తలకు ఐదువందలు దాటింది.

ఆ హోటలును ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. మన యాసనూ మన తిండినీ మోటు అని నవ్విన కాలం చాలా ఉన్నది. 2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత జొన్న రొట్టె బోర్డు మీదికి ఎక్కిందంటే అది ఒక గౌరవమే, ఆ గౌరవం మనకు అవసరమే. కాని విమర్శకుడు ఇంకొక అడుగు ముందుకు వేయవలసి ఉన్నది. ఆ పళ్ళెంలో ఉన్నది ఎవరి తిండి? తెలంగాణలో ఎవరు, ఏనాడు, దినం తప్పకుండా కోడికూరతో రొట్టె తిన్నారు?

నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న అడగడానికి పుస్తకాలు అక్కరలేదు. ఊరికి అధికారి వచ్చి మకాం వేస్తే కోడి ఒకరు, కల్లు ఒకరు, కుండ ఒకరు, విస్తరి ఒకరు వెట్టిగా తేవలసి ఉండిన జిల్లా ఇది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి భూమితో పాటు ఆ వెట్టి కూడ కారణం. కోడి పెంచినవాడు వేరు, తిన్నవాడు వేరు. ఇద్దరినీ కలిపి "తెలంగాణ భోజనం" అనే ఒకే మాట కింద కూర్చోబెడితే ప్రాంతం మిగులుతుంది, వర్గం మాయమవుతుంది. జొన్న సంగతీ అంతే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన తర్వాత పేదల ఇండ్లలో జొన్న తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు జొన్న ధర రేషన్ బియ్యానికి అందని ఎత్తులో ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది, పట్నంలో వైద్యులు చక్కెర రోగులకు జొన్న రొట్టె తినమంటున్నారు. కూటికి లేనివాని గుర్తుగా ఉండిన ధాన్యం కలిగినవాని పథ్యమయింది.

సాహిత్యం బోధించేవారం ఇక్కడ మన వంతు తప్పును ఒప్పుకోవాలి. జొన్నకూటిని వెక్కిరించిన చాటువులు కొన్ని శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నవి. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పలనాటి తిండి మీద చెప్పినవి. నేను వాటిని ఎన్నో ఏండ్లుగా తరగతిలో రాగం తీసి చదివి నవ్వించినాను. ఎదుట బెంచీల మీద కూర్చున్నవారిలో సగంమంది తాతలు ఆ కూడు తిన్నవారే అన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా, నవ్వితే నేను వాళ్ళలో ఒకణ్ణి కాదని రుజువవుతుందని లోపల ఎక్కడో తృప్తి ఉండిందేమో. ఆమె ఊరు పేరు అడిగినప్పుడు నేను నోరు విప్పకపోవడానికీ, ఆ నవ్వుకూ వేరు ఒక్కటే.

సురవరం ప్రతాపరెడ్డిగారు మా పాలమూరువారు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన కావ్యాలను వర్ణనల కోసం గాక, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏమి ఆడుకున్నారు అన్నదాని కోసం చదివినారు. తెలుగులో సాహిత్య అకాడమీ తొలి బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఆ చూపు మనకు ఆయన ఇచ్చిన ఆస్తి. కాని కావ్యంలో కనిపించేది ఎక్కువగా వడ్డించగలిగిన ఇల్లు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట ఋతువుకొక విందు ఉన్నది. ఆ ఇంటికి కట్టెలు కొట్టి తెచ్చినవాడు ఆ పూట ఏమి తిన్నాడో వెదకాలంటే వేరే మూలాలు పట్టుకోవాలి.

నాకు అటువంటి మూలం మా ఇంట్లోనే ఉన్నది. మా అవ్వ. ఎనభై దాటింది. ఆ ఆదివారం తర్వాత నేను ఊరికి పోయి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలినారు. రాతికట్టడపు ఆనకట్ట గనుక మనుషులు వేల సంఖ్యలో కావలసి వచ్చినారు. రాయీ సున్నమూ మట్టీ నెత్తి మీద మోయడానికి గుంపులు గుంపులుగా వెళ్ళినవారిలో పాలమూరువారు పేరుపడ్డారు. 'పాలమూరు కూలీ' అన్న మాటే ఒక జాతి పేరులా స్థిరపడింది. మా తాత అక్కడికి కూలీగా పోయినాడు. అవ్వ పెండ్లయిన ఏడాదికే ఆయన వెంట పోయి గుంపుకు వండినది. నలభైమందికి ఒక గుండిగ.

"అసలు మనం ఏం తినేటోళ్ళం అవ్వా?" అని అడిగినాను.

"అసలు తిండి ఏడిదిరా! పని ఏడుంటే తిండి ఆడుండె. నూకలు దొరికితే నూకలు, లేకుంటె గట్క. పప్పు నీళ్ళల్ల వెతుక్కోవాలె."

జొన్న రొట్టె లేదా అంటే నవ్వింది. నలభైమందికి రొట్టెలు కొట్టుకుంట కూసుంటే మట్టి ఎవరు మోయాలె అన్నది. రొట్టె చేయడానికి తీరిక కావాలి; తీరిక కూలీ గుంపులో ఎవరికీ లేదు. కాబట్టి మా వాళ్ళ "అసలైన తిండి" ఏదని అడిగితే శాస్త్రీయమైన సమాధానం ఇది: నూకల అన్నం, నీళ్ళ పప్పు. ఏ హోటలూ దాని పేర బోర్డు పెట్టదు, పెట్టవలసిన పనీ లేదు.

అయినా ఆమె చెప్పినదంతా లేమి కాదు. పక్క గుడిసెలో గుంటూరు దిక్కు నుంచి వచ్చిన కుటుంబం ఉండేదట. ఏట్లో చేపలు దొరికిన దినం ఆ ఇంటామె పులుసు పెట్టే తీరు చూసి అవ్వ నేర్చుకున్నది. అవ్వ దగ్గర ఆమె పచ్చిపులుసు నేర్చుకున్నది. మా ఇంట్లో చేపల పులుసును ఈనాటికీ "సాగర్ పులుసు" అంటారు. చిన్నప్పుడు అది సాగర్ నీటి చేప గనుక ఆ పేరు వచ్చిందనుకున్నాను. నేను హైదరాబాదులో వెదికిన పరాయి జనాల పేట ఒకటి ఆనకట్ట కింద గుడిసెల్లో ఉండి, పని అయిపోగానే లేకుండా పోయింది. దాని గుర్తు మా పొయ్యి మీద మిగిలింది.

తర్వాత అవ్వ ఇంకొక మాట చెప్పింది. అది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నిజాయితీ కాదు. తాత కొన్నాళ్ళకు గుంపు మేస్త్రీ అయినాడు. ఊళ్ళో అడ్వాన్సులిచ్చి మనుషులను కాలువ పనులకు తీసుకపోయేవాడు. తిండి మేస్త్రీదే, కాని దాని ఖర్చు కూలీ లెక్కలోంచి ముందే పట్టుకునేవాడు. "నేను నూకలల్ల రాళ్ళు ఏరేదాన్ని. మీ తాత ఆ రాళ్ళకు గూడ పైసలు పట్టుకున్నడు" అన్నది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు, లెక్క ఉన్నది.

తాత ఖాతాపుస్తకం పెట్టెలో దొరికింది. పేరు, అడ్వాన్సు, నాగాలు, తిండి, బాకీ. ప్రతి పేజీ చివర బాకీ మిగిలే ఉన్నది. మరుసటి ఏడు మళ్ళీ అదే పేరు. మా నాయన చదువు ఆ పుస్తకంలోంచి వచ్చింది. ఆయన చదువు నుంచి నా ఎం.ఏ. వచ్చింది. అడ్డా మీద ఆమెకు ఊరు పేరు చెప్పడానికి నేను ఎందుకు వెనుకాడినానో అప్పుడు ఇంకొంచెం అర్థమయింది. సిగ్గు ఒక్కటే అయితే అది మధ్యతరగతి మనిషి బలహీనత అని సరిపెట్టుకోవచ్చు. దాని అడుగున బాకీ ఉన్నది. అది వాళ్ళు మాకు పడిన బాకీ కాదు, మేము వాళ్ళకు పడినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. పేటల పేర్లు చూడండి. బార్కస్ అంటే సిపాయిల వసతి. బొంబాయిలో కామాఠీపురా ఉన్నది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి ఆ నగరానికి కట్టడపు పనులకు వెళ్ళిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు, వాళ్ళున్న చోటికి ఆ పేరు నిలిచింది. ఇవాళ లోకానికి ఆ పేరు చెబితే పడుపువృత్తి గుర్తుకు వస్తుంది గాని, రాళ్ళు మోసిన తెలంగాణ మనిషి గుర్తుకు రాడు. నగరం మనిషిని ముందు పని పేరుతో పిలిచింది. వంట పేరుతో పిలవడం తరువాతి మాట. అతడు వండినది అమ్మకానికి పనికివచ్చినప్పటి మాట. ఈనాటి అడ్డా కూలీకి పేట కూడ లేదు. కడుతున్న భవనం పక్కన రేకుల షెడ్డు వేసుకుంటాడు. భవనం లేస్తుంది, షెడ్డు ఊడుతుంది. ఆ భవనం కింది అంతస్తులో ఎవరో తెలంగాణ భోజన హోటలు తెరుస్తారు.

కనుక అసలైన తిండిని వెదకడం తప్పని నేననను. పరాయివాని పళ్ళెం వద్ద కూర్చుండడం మంచి చదువే. బార్కస్ హరీస్ మా పిల్లలకు నేర్పిన చరిత్రను నేను పాఠంగా చెప్పలేకపోయేవాణ్ణి. కాని "ఇది అసలుదేనా?" అన్న ప్రశ్న వెంట రెండు ప్రశ్నలు అడగడం అలవాటు కావాలి. ఈ మనిషిని ఏ పనికి పిలిపించినారు? పని అయిపోయిన తర్వాత అతనికి ఏమి మిగిలింది? ఈ రెండూ అడగకుండా రుచి చూస్తే మనది వట్టి విహారయాత్ర.

ఈ ఏడు మా విద్యార్థులకు ఒక పని అప్పగించినాను. తమ ఇండ్లలో పెద్దలు ఇల్లు విడిచి పనికి పోయినచోట ఏమి తిన్నారో, ఎవరు వండినారో, ఎంత పట్టుకున్నారో వారి మాటల్లోనే రాసుకొని రమ్మన్నాను. సాగర్, శ్రీశైలం, భివండి, సోలాపురం, దుబాయి. నోటు పుస్తకాలు వస్తున్నవి. సురవరంవారికి కావ్యాలు ఉన్నవి, మనకు ఈ ముసలివాళ్ళున్నారు, వాళ్ళకు ఎక్కువ కాలం లేదు. ఇతర కళాశాలల మిత్రులు కూడ ఈ పని పట్టుకుంటే బాగుండును.

మా తాత ఖాతాపుస్తకాన్ని తరగతికి తీసుకపోయి చూపించినాను. అందులోని పేర్లు చదివినాను. మూడో పేజీలో ఉన్న ఒక పేరు దగ్గర వెనుక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడి, అది తమ తాత పేరు కావచ్చునన్నది. ఊరు అడిగినాను, చెప్పింది. ఆమె నా ఊరు అడిగింది. ఈసారి చెప్పినాను.